అచ్చులో పడని పేట

గట్టుపురంలో బస్సు దిగిన యాత్రికులు దారి అడగాలంటే కెజియనే అడిగేవారు. చేతిలో తెల్లకర్ర కనిపిస్తూనే ఉంటుంది, అయినా అడిగేవారు. ఆ గొంతు వాళ్ళకు అప్పటికే పరిచయం మరి. తిరునాళ్ళ సంగతైనా, ఉరుసు సంగతైనా, మాత పండుగ సంగతైనా గట్టుపురం రేడియోలో చెప్పేది ఆమే.

"చర్చికి ఎట్ల పోవల్లమ్మా?" అంటే, "నేరుగా పొండి. మల్లెపూల వాసన తగ్గి సాంబ్రాణి వాసన మొదలయ్యేకాడ కుడిపక్కకు తిరగండి. కాళ్ళకింద బండలు నున్నగయినాయంటే సరైన దోవలో ఉండారని లెక్క," అనేది. కళ్ళున్నవాళ్ళు ముక్కునూ పాదాలనూ నమ్ముకుని బయలుదేరి, క్షేమంగానే చేరేవారు.

పెన్న ఒడ్డున ఒకటే గట్టు. కొనన నరసింహస్వామి గుహ, నడుమున షావలీ దర్గా, తూర్పు భుజం మీద మాత చర్చి. మూడింటికీ కిందినుంచి పోయే మెట్లు ఒకటే. హిందువులు నరసింహగట్టు అంటారు, ముసల్మానులు షావలీగట్టు అంటారు, క్రైస్తవులు మాతగట్టు అంటారు. బస్సు కండక్టర్లు మూడు పేర్లూ ఒకే గుక్కలో అరుస్తారు. ఆ సంగతి రేడియోలో చెప్పేటప్పుడు కెజియ గొంతు ఒక మెట్టు పైకి లేచేది. ఇట్లాంటి ఊరు ఇంకొకటి ఉంటే చూపించమని సవాలు చేసేది. పుట్టుగుడ్డి అయిన మనిషి చూపించమని అడగటం ఆమెకే నవ్వు తెప్పించేది.

ఆమె ఇల్లు మెట్ల మొదట్లో, ఏటి ఇసుకకు ఆనుకుని ఉన్న బేతేలుపేటలో. మూడు గుళ్ళ మెట్లూ ఊడ్చేవాళ్ళు, పండుగలకు డప్పులు కొట్టేవాళ్ళు, పూలగంపలు పైకి మోసేవాళ్ళు ఉండేది ఆ పేటలోనే. ఆమె అక్క జెమీమా అక్కడే పుట్టింది కానీ, చిన్ననాడే హాస్టలుకు పోయి, ఊరూరా చదివి, మెదడు శాస్త్రవేత్త అయింది. పెద్ద నగరాల్లో ఉద్యోగాలు పిలుస్తున్నా గట్టుపురానికే తిరిగొచ్చి ప్రయోగశాల పెట్టించుకుంది. ఎందుకు వచ్చావని ఎవరైనా అడిగితే, "మా చెల్లెలికి ఊరు చూపించల్ల," అని ఒకే మాట చెప్పేది.

కృత్రిమ కంటిపొర అప్పటికే వాడుకలోకి వచ్చింది. అది వెలుగును మెదడుదాకా మోసుకుపోగలదు. కెజియకు దాన్ని అమర్చి, మొదటిసారి మీట నొక్కిననాడు ఆమె రెండు చేతులతో తల పట్టుకుని కేకపెట్టింది.

"ఆపక్కా! ఆపు! వెయ్యి డప్పులు ఒకేసారి నెత్తిన కొట్టినట్టుండాది!"

జెమీమా మీట ఆపి, చెల్లెలి తల ఒడిలోకి తీసుకుంది. "తప్పు నీది కాదు, యంత్రానిదీ కాదు. వెలుగును గోడగా, చెట్టుగా, మనిషిగా విడదీసుకోవడం మెదడు ఉయ్యాలలో ఉన్నప్పుడే నేర్చుకుంటాది. నీది నేర్చుకోలే. ఇంకొకరు నేర్చుకున్నదాన్ని నీకు అద్దల్ల."

అదే ఆమె కనిపెట్టింది. ఈ ఊరిని ఏళ్ళ తరబడి చూసిన మనిషి తలకు ఒక పట్టీ కట్టి వీధుల్లో తిప్పుతారు. ఆ మనిషి మెదడు వెలుగును ఏ వరసలో పేర్చుకుంటుందో, దేన్ని దగ్గరికి తీసుకుంటుందో, దేన్ని పక్కకు నెడుతుందో ఆ పట్టీ గ్రహిస్తుంది. దాన్ని ప్రయోగశాలలో 'అచ్చు' అనేవారు. ఆ అచ్చును చూపు లేని మనసు మీద ఒత్తితే, గందరగోళమంతా సర్దుకుని ఊరుగా నిలబడుతుంది. పొర అమర్చిన కొత్తలో మెదడు తడిమట్టిలా మెత్తగా ఉంటుంది. తర్వాత ఆరిపోతుంది. ఆలోపల రుచి చూడడానికి ఎన్ని అచ్చులైనా తేలికగా ఒత్తి తీయవచ్చు. కానీ చివరికి నిలిచేది ఒకటే.

జెమీమా తనే అచ్చు ఇవ్వవచ్చు కదా అంటే, ఆమె ఈ ఊళ్ళో నడిచింది తక్కువ. రోజూ గట్టెక్కి దిగినవాళ్ళు కావాలి. గట్టుపురంలో రోజూ గట్టెక్కేవాళ్ళంటే ఎవరికైనా గుర్తొచ్చేది భక్తులే. ఒక మతంవాళ్ళను పిలిచి ఇంకొకరిని పిలవకపోతే ఊరు ఊరుకోదు గనుక ముగ్గురిని ఎంచుకుంది. స్వామి ఉత్సవాల్లో ఏళ్ళకేళ్ళు నాదస్వరం వాయించిన ఓబులేసు, దర్గా వాకిట్లో గులాబీల అంగడి నడిపే హుసేన్‌బీ, చర్చి బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఇన్నయ్య సారు.

మొదట ఓబులేసు అచ్చు. కెజియ మెట్ల మీద నిలబడి ఉండగా జెమీమా మీట నొక్కింది. చీకటి చీలి, గోపురం లేచి నిలబడింది. అది రాయిలా లేదు, ఊపిరి తీసుకుంటున్నట్టుంది. ప్రతి మెట్టు మీదా పసుపు వెలుగు, కుంకుమ ఎరుపు. కొనదాకా పోయే దారి మొత్తం తీగలాగిన రాగంలా ఒక్క ఊపున సాగింది. కెజియ కళ్ళనుంచి నీళ్ళు కారాయి.

"ఎట్లుండాదిమ్మే నా ఊరు?" అన్నాడు ఓబులేసు, గడ్డం పైకెత్తి.

"ఎంత ఎత్తుండాది మామా! ఇంతెత్తు అని నాకెవరూ చెప్పలే."

కానీ నడుమున ఆకుపచ్చ మరక ఒకటి అలుక్కుపోయి ఉంది. తూర్పున సున్నం కొట్టిన గోడలాంటిదేదో ఉంది. అవి దర్గా, చర్చి అని జెమీమా చెబితే గానీ తెలియలేదు.

తర్వాత హుసేన్‌బీ అచ్చు. ఇప్పుడు ఊరికి నడుము ప్రాణమైంది. దర్గా గుమ్మటం మీద ఎండ తేనెలా జారుతోంది. రాతి జాలీకి కట్టిన మొక్కుదారాలు ఒక్కొక్కటీ విడివిడిగా, ఒక్కొక్కటీ ఒక మనిషి గోడులా కనిపించాయి. గులాబీరేకుల అంచులు కూడా లెక్కపెట్టవచ్చు. అయితే ఓబులేసు చూపులో ఆకాశాన్ని పట్టిన గోపురం ఇక్కడ చల్లగా కూర్చునే నీడ మాత్రమే.

"చూస్తివా బిడ్డా? స్వర్గం అంటే ఎట్లుంటాదో షావలీ ముందే చూపించినాడు మాకు," అంది హుసేన్‌బీ. ఆమె అరచేతుల్లో అత్తరు వాసన.

ఇన్నయ్య సారు అచ్చులో తూర్పు కొస వెలిగింది. నీలిచీర కట్టిన మాత చేతులు చాచి నిలబడింది. కొవ్వొత్తుల వరసలు, వాటి వెనక మోకరించిన వీపులు, అంతటా పొద్దుటి వెలుగు. మిగిలిన గట్టంతా ఆ వాకిటికి చేర్చే దారి. "నా బడి పిల్లలకు కూడా ఇంత బాగా ఏదీ చూపించలేదమ్మా నేను," అని ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఊరు మూడు పక్షాలుగా చీలింది. టీకొట్ల దగ్గర ఇదే మాట. రేడియోకు ఫోన్లు. "మన పిల్ల మన చూపే తీసుకోవల్ల," అని చర్చివాళ్ళు అన్నారు. "ఓబులేసు చూపులో సంగీతం ఉండాది, అదే నిలుస్తాది," అని గుడివాళ్ళు. అక్కచెల్లెళ్ళు పొద్దున్నే కాఫీ తాగుతూ వాటిని విని నవ్వుకునేవారు. కానీ కెజియ లోపల నవ్వు లేదు.

"నాకు మూడూ కావల్లక్కా," అంది ఒకనాడు. "రేడియోలో మూడు గుళ్ళ సంగతీ చెప్పేదాన్ని. ఒకదాన్ని చూసి రెండింటిని మరకలుగా మోసుకుని తిరగమంటావా?"

జెమీమా మూడు అచ్చులనూ కలిపి కుట్టింది. ఒకరికి ఖాళీగా ఉన్నచోట ఇంకొకరి వెలుగు. ప్రయోగశాల తెర మీద చూస్తే అద్భుతంగా కుదిరింది. కెజియకు ఒత్తి, మెట్లెక్కించారు. గుడి, దర్గా, చర్చి మూడూ ఒకే ఎండలో మెరిశాయి. ఆమె చేతులు తట్టింది. ఇంటికి పోదామని మెట్లు దిగి పేటవైపు తిరిగింది. అంతే. కాళ్ళు బిగుసుకున్నాయి, నోట నురగ వచ్చింది, రాళ్ళ మీద పడి కొట్టుకుంది. నుదురు చీరుకుపోయింది.

కుట్టు మార్చి మళ్ళీ చేశారు. మళ్ళీ అక్కడే పడింది. ఈసారి మాట రావడానికి చాలాసేపు పట్టింది. అర్థం తెలియక జెమీమా మూడు అచ్చులనూ తెర మీద పక్కపక్కన పరిచి, ఒక్కొక్క వీధినీ పోల్చుకుంటూ పోయింది. పోయి పోయి, మెట్ల మొదట్లో ఆగిపోయింది.

మూడింటిలోనూ ఒకే చోట చిల్లు ఉంది. అక్కడ మరక కూడా లేదు, పొగమంచు మాత్రమే ఉంది. మూడు చూపులూ ఆ అంచుదాకా వచ్చి, అవతల కాలుపెట్టకుండా మెట్లవైపు తిరిగిపోయాయి. కుట్టడానికి అటుపక్క గుడ్డే లేదు. కెజియ మనసు అక్కడ అడుగుపెట్టిన ప్రతిసారీ అగాధంలోకి జారుతోంది.

"ఏముందక్కా అక్కడ?" అని మంచం మీదినుంచి అడిగింది కెజియ.

జెమీమా తెర మీది పొగమంచును వేలితో తాకింది. "మన పేట."

"వాళ్ళు రోజూ ఆ పక్కనుంచే కదా పోయేది," అంది కెజియ.

"కళ్ళు చూసినాయి. మనసు తీసుకోలే. తీసుకోనిది అచ్చులో పడదు." జెమీమా తెర ఆపేసింది. ఆమె గొంతులో ఏడుపుకన్నా కోపమే ఎక్కువ. "మూడు పవిత్ర నగరాలు. ఒక్కదాంట్లో కూడా మన ఇల్లు లేదు."

ఈ సంగతి ముగ్గురికీ చెప్పాలని పట్టుబట్టింది కెజియే. నిందించడానికి కాదు, దాచడం నచ్చక. ప్రయోగశాల గదిలో కూర్చోబెట్టి జెమీమా తెర చూపించింది.

ముందుగా హుసేన్‌బీ నోరు విప్పింది. "మీ పేట మరియమ్మ రోజూ నా అంగడి ముందర పూలగంప దించుతాది. మంచీ చెడ్డా అన్నీ మాట్లాడుకుంటాం. దించినాక యాడికి పోతాదో నేను ఏనాడూ చూడలే బిడ్డా."

"నా వెనకాల డప్పు కొట్టినోళ్ళంతా ఆ పేటోళ్ళే," అన్నాడు ఓబులేసు నేల చూస్తూ. "తాళం తప్పితే తిరిగి చూసేవాణ్ణి. తప్పకపోతే చూడలే."

ఇన్నయ్య సారు ప్రతి ఆదివారం అదే పేట మనుషులతో ఒకే పాట పాడినవారు. చొక్కా అంచు వేళ్ళ మధ్య నలుపుతూ అట్లాగే కూర్చున్నారు.

గడువు దగ్గరపడింది. మెదడు ఆరిపోవడం మొదలైంది. "ఒక్క అచ్చు తీసుకో కెజ్జీ. అందులో పొగమంచును ఇంకొక చూపుతో కుట్టే పని ఉండదు గనుక మూర్ఛ రాదు. మంచు మాత్రం మంచుగానే ఉండిపోతాది," అంది జెమీమా. "లేదా వద్దనుకో. ఇంకోసారి నిన్ను రాళ్ళ మీద పడేసి నేను బతకలేను."

కెజియ నుదుటి మీది కుట్లు తడుముకుంది. "నా దాంట్లో చిల్లు లేదు కదక్కా."

"ఏ దాంట్లో?"

"నా ఊళ్ళో. నలభై ఏండ్లుగా నేను నడిచినదాంట్లో. గుడి, దర్గా, చర్చి, పేట అన్నీ ఉండాయి. యాడా తెగలే."

"నీ దాంట్లో వెలుగే లేదు కదే!"

"వెలుగు లేకుంటే ఏమి? ఊరుంది కదా."

జెమీమా లేచి, గదిలో అటూ ఇటూ తిరిగింది. ఇన్నాళ్ళూ ఆమె లెక్క వేరు. చెవితో, ముక్కుతో, పాదాలతో చెల్లెలు కట్టుకున్న పటాన్ని కొత్తచూపుకు అడ్డమనుకుంది, చెరిపేయాల్సిందనుకుంది. పిల్ల చెబుతున్నది తిరగేసి చూడమని. ఆ పటమే నేల. దాని మీద మూడు చూపులూ పరచవచ్చు. ఒకదానితో ఒకటి కుట్టనక్కరలేదు, మూడింటినీ దానికే కుట్టవచ్చు. ఆమె తిరిగొచ్చి చెల్లెలి బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుంది. "నా చదువంతా ఒక పక్క, ఇది ఒక పక్క. కానీ విను. ఒకసారి రంగు ఎక్కినాక నీ పాత ఊరు మళ్ళీ దొరకదు. గోడ దగ్గరికొస్తే చెవికి తెలిసేది, తెలియకుండా పోతాది. వాసనతో వీధి గుర్తుపట్టేది పోతాది. ఇంగ వెనక్కి రావడానికి దోవ లేదు."

"ఒకరోజు ఇయ్యి," అంది కెజియ. "తిరిగొస్తా."

ఆ రోజు ఆమె తలకు పట్టీ కట్టుకుని, కర్ర తాటిస్తూ ఊరంతా నడిచింది. అక్క కూడా వెంట రావద్దంది. బస్టాండులో ఇంజన్ల వేడి ఎడమ చెంపకు తగిలింది. పాత్రల అంగడి ముందు గాలి కంచులా మోగింది. మెట్ల మీద తన పాదాలకు తెలిసిన ప్రతి అరుగుదలా పలకరించింది. గుడిగుహలో చల్లదనం మెడ మీద చెయ్యి వేసింది. దర్గా జాలీలోంచి గాలి ఈలవేసింది. చర్చి గంట మోగకముందు తాడు కిర్రుమనే చప్పుడు ఒకటుంటుంది, కళ్ళున్నవాళ్ళెవరూ దాన్ని విని ఉండరు. అది విన్నాక దిగొచ్చి, పేట వీధిలో ప్రతి ఇంటి గోడనూ అరచేత్తో రాసుకుంటూ పోయింది. ఎవరింట్లో జొన్నరొట్టె కాలుతోందో, ఎవరి బిడ్డకు దగ్గు తగ్గలేదో, ఏ వాకిట్లో డప్పుతోలు ఎండుతోందో అంతా ఆమెకు చదివినట్టే ఉంది. చివరి ఇంటి దగ్గర ఆగి, కాసేపు ఊరికే నిలబడింది. తర్వాత అక్క దగ్గరికి పోయి, "కానియ్యి," అంది.

పనంతా అయ్యేసరికి అక్కచెల్లెళ్ళిద్దరూ చిక్కిపోయారు. కళ్ళకు కట్టిన కట్టు విప్పింది గట్టు కొనన, పొద్దుటిపూట. ముగ్గురు దాతలూ వచ్చారు.

కెజియ కళ్ళు తెరిచింది.

ఊరు ఆమె కాళ్ళ కింద పరుచుకుని ఉంది. ఓబులేసు గోపురం, హుసేన్‌బీ గుమ్మటం, ఇన్నయ్య సారు మాత. ఒకటి వెలిగితే ఇంకొకటి ఆరిపోవడం లేదు. గోపురం నీడ జారి గుమ్మటం మీద పడింది, గుమ్మటం తళుకు పోయి చర్చి అద్దాల్లో మెరిసింది. మూడింటినీ చుట్టి పెన్న వెండితాడులా మెలిక తిరిగింది. వీధులన్నీ ఆమెకు తెలిసిన పొడుగులోనే, తెలిసిన మలుపుల్లోనే ఉన్నాయి. ఇన్నాళ్ళూ రేడియోలో ఊరకనే గొప్పలు చెప్పుకున్నానా అని ఆమెకు ఒక మూల దిగులుండేది. అది ఆ క్షణంలో పోయింది.

"నేను చెప్పింది తక్కువే," అంది మెల్లగా.

"నా పసుపు సరిగ్గా పడిందా?" అని ఓబులేసు, "నా దారాలు?" అని హుసేన్‌బీ చెరొక పక్కనుంచి అడుగుతున్నారు. ఇద్దరి చేతులూ పట్టుకుని ఆమె తలూపింది. ఇన్నయ్య సారు మాత్రం చొక్కా అంచు నలుపుతూ దూరంగా నిలబడటం ఆమె చూసింది. జెమీమా వెనక్కి తిరిగి ముక్కు చీదుకుంది.

కింద, మెట్ల మొదట్లో మాత్రం వెలుగు కుదుటపడలేదు. అక్కడ నేల ఉంది, కనుక ఆమె పడిపోలేదు. కానీ నేల మీద పరచడానికి ఎవరి చూపూ లేదు. పచ్చి వెలుగు సుడులు తిరుగుతోంది, నొప్పి పుట్టిస్తోంది.

"మేము పోయి తిరుగుతాం బిడ్డా," అంది హుసేన్‌బీ. "రోజూ పోతాం. మనసు పెట్టి చూస్తాం. అచ్చు ఇస్తాం."

"రండి. తప్పకుండా రండి, మా ఇండ్లలో కూర్చోండి," అంది కెజియ. "అచ్చు మాత్రం వద్దు బీబమ్మా. మా పేటను నేనే చూసుకుంటా."

అది తేలిక కాలేదు. కర్ర వదిలేసిన చెయ్యి గాలిలో తడుముకునేది. తెలిసిన సందుల్లోనే దారి తప్పింది. ఒకనాడు రేడియోలో దారి చెప్పబోయి, వాసనలేవీ గుర్తురాక ఆగిపోయింది. ఇంటికొచ్చి, పోయినవాళ్ళకోసం ఏడ్చినట్టు ఏడ్చింది. మరునాడు మళ్ళీ పేట వీధిలో స్టూలు వేసుకుని కూర్చుంది. ఉయ్యాలలో పసిబిడ్డ పడే కష్టం నలభై దాటిన మనిషి పడుతోంది. కాసేపు చూసేది, తలపోటు వస్తే కళ్ళు మూసుకునేది, మళ్ళీ చూసేది. వీధివాళ్ళంతా ఆమెకు పంతుళ్ళయ్యారు. "ఇది నేనే కెజ్జీ, మరియమ్మను, ఇట్ల చూడు," అని ఒకామె, "అది బానమ్మా, కుండ కాదు," అని ఇంకొకరు. సుడులు ఒక్కొక్కటే నిలబడుతున్నాయి. ఇదీ అని గట్టిగా చెప్పగలిగింది మాత్రం ఇంకా ఏదీ లేదు.

హుసేన్‌బీ వచ్చింది, ఓబులేసు వచ్చాడు. ఇన్నయ్య సారు మాత్రం రాలేదు. చివరకు ఒక సాయంత్రం పేట మొదట్లో తెల్లటిదేదో నిలువుగా నిలబడి, కదలక, వెనక్కి పోక అట్లాగే ఉండటం కెజియకు కనిపించింది. గుడ్డ ఆరేశారేమో అనుకుంది. అది చొక్కా అంచు నలుపుతోంది.

"ఇన్నయ్య సార్!"

"నేనేనమ్మా." ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏ మొగం పెట్టుకుని రావల్లనో తెలియక..."

"ఏ మొగమో చూసే నేను గుర్తుపట్టినా సార్. నా అంతట నేను గుర్తుపట్టిన మొదటి మనిషి మీరే." ఆమె లేచి, చెయ్యి చాచింది. "రండి, మా పేట చూపిస్తా."

ఆయన అడుగు ముందుకేశారు. కెజియ ఆయన చెయ్యి పట్టుకుని, తల ఎత్తుకుని, వీధి మధ్యలో నడిపించింది. రెండు పక్కలా గడపల్లో జనం నిలబడ్డారు. జెమీమా కూడా వాకిట్లోకి వచ్చింది.

"ఇది మరియమ్మ ఇల్లు. అది డప్పు యేసయ్య వాళ్ళది. ఇట్ల రండి సార్, ఎదురుగా పెద్ద నల్లబండ ఉండాది, కాలికి తగుల్తాది జాగ్రత్త."

నల్లబండ తోక ఊపింది.

"అయ్యో తల్లీ, అది మా బర్రె!" అని మరియమ్మ అరిచేసరికి వీధి వీధంతా గొల్లుమంది. ఇన్నయ్య సారు ఎన్నాళ్ళుగానో నవ్వనట్టు నవ్వారు. కెజియ బర్రె వీపు మీద చెయ్యి వేసి, దాని నలుపును తేరిపార చూసి, అందరికన్నా గట్టిగా నవ్వింది. ఆ పొరపాటు ఏ అచ్చులోనూ లేదు. అది అచ్చంగా తన కళ్ళు చేసింది.